బిట్టు పదును, చౌకబేరము
(మన సంఘపు నెలవారీ కూటమిలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగా కావ్యములను గూర్చియో, సంగీతమును గూర్చియో, మన పిల్లల తెలుగు చదువును గూర్చియో మాటలాడుదురు. మాకు ఆ విద్య లేదు. మాకు తెలిసినది లేతు, డ్రిల్లింగు యంత్రము, సానచక్రము. కార్యదర్శిగారు "మీకు తెలిసినదే చెప్పుడు, మాకు తెలియనిది అదియే గదా" అని పట్టుబట్టిరి. అందుచేత జానెడు పొడవైనను లేని యొక వస్తువును గూర్చి నాలుగు మాటలు వ్రాసికొని వచ్చితిమి. అది డ్రిల్లు బిట్టు.

ఈ కోయంబత్తూరు ప్రాంతమునకు మన పూర్వులు వచ్చినది నల్లరేగడిలో ప్రత్తి పండించుకొనుటకు. ఇనుము మన చేతికి వచ్చినది తరువాత. 1937లో జి.డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలిసి ఇచ్చట విద్యుత్ మోటారును తయారు చేసిరి. పిమ్మటి దశాబ్దములలో పంపులు, మోటార్లు, మిల్లు భాగములు చేయు కొట్టములు వీధివీధినా వెలసినవి. అట్టి వానిలో మాది ఒకటి. రెండు లేతులు, ఒక పిల్లరు డ్రిల్లు, ఒక బెంచి గ్రైండరు, పైన రేకుల కప్పు. మేము అన్నదమ్ములము ఇద్దరము, పనివాండ్రు ముగ్గురు నలుగురు.

మన యింటిలో "సానపట్టుట" అనుమాట ఇంకను బ్రతికియున్నది. ఇచ్చటి తమిళ సోదరులు "సాణై పిడిక్కిఱదు" అందురు. మైసూరు వైపు మన బంధువులు కన్నడమున "సాణె హిడియువుదు" అని వినుచుందురు. అన్నిటికిని మూలము సంస్కృతపు శాణమే. మూడు భాషలవారికిని ఒకే రాయి, ఒకే పని. అయినను మా కొట్టములో ఆ పనిని మేము కొన్నాళ్లు మరచితిమి. ఆ సంగతియే చెప్పవలెనని వచ్చితిమి.

ఏడెనిమిది సంవత్సరముల క్రిందట మాకు నూట ఇరువది పోత ఇనుప బ్రాకెట్లకు రంధ్రములు వేసి మర తీయు పని వచ్చినది. ఒక్కొక్క దానికి నాలుగు రంధ్రములు. వానిలో పది మిల్లీమీటర్ల బోల్టు పట్టవలెను. ఆ బోల్టు మరకు ఎడము 1.5 మిల్లీమీటర్లు గనుక, ముందు 8.5 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రము వేసి, ఆ మీద ట్యాపు త్రిప్పుదురు. పని తెలిసినవారికి ఇందు వింత యేమియు లేదు.

ఆ వారమే మేము ఒక బేరము చేసితిమి. అంగడికి పోలేదు. ఫోనులో బొమ్మ చూచి తెప్పించితిమి. రేకు డబ్బాలో వరుసగా పేర్చిన బిట్లు, బంగారు రంగుతో మెరయుచు, చూచుటకు పెండ్లి నగల పెట్టె వలె నుండెను. అంగడిలో ఒక మంచి బిట్టుకు పెట్టు వెలకు ఇందు నాలుగు వచ్చినవి. డబ్బా మీద హైస్పీడ్ స్టీలు అని పెద్ద అక్షరములు. తమ్ముడు "అన్నా, ఇంత చౌకగా ఎట్లు వచ్చును?" అనెను. మేము వినలేదు. లాభము కనుపించునపుడు అన్నలకు చెవులు పనిచేయవు.

బిట్లను మా వీధివాడే అయిన పందొమ్మిదేండ్ల కుర్రవాని చేతికిచ్చితిమి. మొదటి బిట్టు ముప్పది రంధ్రములైనను వేయక ముందే కొన నీలమెక్కినది. వాడు సానపట్టెను. మరల నీలమెక్కెను. మరల పట్టెను. ఆ రెండు మూడు దినములు వాడు యంత్రము వద్దకంటె సానచక్రము వద్దనే యెక్కువసేపు నిలిచెను. మాకు ఆలస్యము కనుపించెనే గాని, కారణము కనుపించలేదు. "ఏమిరా, సినిమా టికెట్టుకు నిలిచినట్లు అక్కడే నిలిచినావు" అని ఒకమారు ఎకసక్కెము కూడ చేసితిమి.

సరకు పోయినది. పది దినములకు తిరిగి వచ్చినది. బోల్టు బిగించగానే కొన్ని రంధ్రములలో మర ఊడి వచ్చుచున్నదని వారి మాట. మేము ఒక పాడైన రంధ్రమును కొలిచితిమి. 8.5 ఉండవలసిన చోట 8.9 ఉన్నది. కంటికి ఆనని తేడాయే గాని, పది మిల్లీమీటర్ల బోల్టు పట్టుకొనుటకు మిగిలినది 1.5 మిల్లీమీటర్లకు బదులు 1.1 మాత్రమే. మర పంటి యెత్తులో నాలుగవ వంతునకు పైగా పోయినదన్నమాట. బ్రాకెట్ల వెల మామీద పడినది. కూలి పోయినది. ఆ పార్టీ మరల మాకు పని ఈయలేదు.

మేము కుర్రవానిని అందరి యెదుట నిలబెట్టి, "నీకు సానపట్టుట రాదు" అని, సగము నెల జీతము పట్టుకొంటిమి. వాడు "మామా, బిట్టు నిలువలేదు" అని మాత్రము అనెను. మరునాటి నుండి పనికి రాలేదు.

తరువాత కొలది దినములకు మా పెదనాన్నగారు ఏదో పనిమీద కొట్టమునకు వచ్చిరి. వారు ఒక మిల్లు వర్కుషాపులో ముప్పదియేండ్లు టర్నరుగా పనిచేసి విరమించినవారు. సంగతి విని, ఏమియు అనక, బల్లమీద నున్న బంగారు బిట్టు నొకదానిని చేతికి తీసికొని, "దీపము ఆర్పుము" అనిరి. గ్రైండరు త్రిప్పించి, బిట్టు కాడను చక్రమునకు మెల్లగా ఆనించిరి. దీపావళినాటి కాకరపువ్వొత్తి వలె తెల్లని నిప్పురవ్వలు చిట్లి చిట్లి నక్షత్రములై చెదరినవి. పిమ్మట మా పాత డబ్బా అడుగున పడియున్న మొండి బిట్టు నొకదానిని ఆనించిరి. ఎఱ్ఱగా, మందముగా, నాలుగు గీతలు వచ్చినవి. చిట్లుటయే లేదు.

"మొదటిది ఉత్త కార్బను ఉక్కురా. రంగు వేసినారు" అని వారు చేతులు కడుగుకొనిరి.

అప్పుడు మాకు కలిగిన సిగ్గును గూర్చి ఇచ్చట చెప్పుట యెందుకు? ఉక్కు సంగతి చెప్పెదము, అది మీకు ఉపయోగపడును.

ఉక్కులోని కార్బను గాలిలో మండునపుడు రవ్వలు చిట్లును. అందు టంగ్‌స్టను విశేషముగా చేరియున్నచో ఆ చిట్లుట అణగిపోయి, రవ్వ ఎఱ్ఱని గీతగా మిగులును. హైస్పీడ్ స్టీలు అనునది అట్టిదే. 1900 ప్రాంతమున అమెరికాలోని బెత్లెహెం ఉక్కు కార్ఖానాలో టేలర్, వైట్ అనువారు దానికి నీరు పట్టించు విధమును కనుగొనిరి. నేడు విరివిగా వాడబడు ఎం2 అను రకములో నూటికి సుమారు ఆరు పాళ్లు టంగ్‌స్టను, ఐదు మాలిబ్డినము, నాలుగు క్రోమియము, రెండు వనేడియము ఉండును. ఆ లోహముల పుణ్యమున అది సుమారు 600 డిగ్రీల వేడి వరకు పదును వదలదు. ఉత్త కార్బను ఉక్కు 200, 250 డిగ్రీలు దాటగానే మెత్తబడును. కొన నీలమెక్కినదనగా ఆ హద్దు దాటినదన్నమాట. హైస్పీడ్ బిట్టు నీలమెక్కినను అంతగా చెడదు. కార్బను బిట్టు నీలమెక్కినచో ఆ మేరకు అది చచ్చినదే. నీలమున్నంత మేర అరగదీసి పారవేయవలెను. మా కుర్రవాడు ఆ మూడు దినములు చేసినది అదియే. వాడు పట్టిన సాన చక్రము మీదనే ముగిసినది, ఇనుము వరకు చేరలేదు.

బంగారు రంగు మాట. నిజమైన టైటానియం నైట్రైడు పూత ఒకటున్నది. అది మంచిదే, బిట్టు ఆయువును పెంచును. కాని అది కొలది మైక్రానుల పలుచని పొర. ఒక్కసారి సానపట్టగానే కొన వెనుకవైపున అది పోవును. అందుచేత రంగు చూచి ఉక్కును నమ్మరాదు. హెచ్.ఎస్.ఎస్. అను మూడక్షరములను చెక్కుటకు ఎవరికైనను చేతనగును. కొనునపుడు మేము ఇప్పుడు చూచునది వేరు. కాడమీద కొలత, ఉక్కు రకము, తయారుచేసినవారి గుర్తు స్పష్టముగా చెక్కియున్నవా? అద్దపు పలకమీద దొర్లించిన వంకర లేక దొర్లుచున్నదా? కొనను భూతద్దముతో చూచిన రెండు కోత అంచులును సమముగా నున్నవా? ఇంకొక మాట. నూరు ముక్కల డబ్బా మనకెందుకు? ఏడాది పొడుగునా మా కొట్టములో తిరుగు బిట్లు ఆరు కొలతలు మాత్రమే. ఆ ఆరును ఒక్కొక్కటిగా, తెలిసిన అంగడిలో, బిల్లుతో కొనుచున్నాము. మొదటి బిట్టును దుకాణదారుని యెదుటనే సానకు ఆనించి చూపుమని అడుగుటకు మొగమాటపడుట మానితిమి.

ఇక సాన సంగతి. కుర్రవాని యెడల మేము చేసిన తప్పు బిట్టుతో తీరలేదు. వాని సానయు సరిగా లేదు. పాడైన బిట్టును చూచితిమి గదా, ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి. కొన నడిమికి రాక ప్రక్కకు జరిగినది. అట్టి బిట్టు తిరుగునపుడు తన కొలతకంటె పెద్ద రంధ్రమునే తవ్వును. కొన పావు మిల్లీమీటరు కన్న తక్కువ జరిగినను 8.5 కాస్త 8.9 అగును. అయితే వానికి నేర్పినదెవరు? ఎవరును కాదు. సానచక్రపు ముఖము పండ్లు అరిగిన తిరుగలి వలె గాళ్లు పడి నెలల తరబడి యుండెను. దానిని సరిచేయు డ్రెస్సరు బల్ల సొరుగులో తుప్పు పట్టుచుండెను. ఆ చక్రము మీద మా పెదనాన్నగారును నేరుగా పట్టలేకపోయెడివారు.

బిట్టు కొనను వెలుతురులో పెట్టి చూడుడు. రెండు కోత అంచులుండును. వానిని నడుమ కలుపుచు ఉలి మొన వంటి చిన్న గీత యుండును. అంచుల వెనుక మడమ యుండును. సానపట్టుటలో చూచుకొనవలసినవి మూడే. రెండు అంచులును కలిసి చేయు కోణము మామూలు ఇనుమునకు 118 డిగ్రీలు, అనగా ఒక్కొక్క అంచు నడిమి గీతకు 59 డిగ్రీలు. రెండు అంచుల పొడవును ఒక్కటే. మడమ అంచుకంటె ఎనిమిది మొదలు పండ్రెండు డిగ్రీల వరకు వెనుకకు వాలియుండవలెను.

ఈ మూడవదియే చేతికి రానిది. వాలు లేనిచో మడమ ముందు ఇనుమును తాకును, అంచు తాకదు. బిట్టు కీచుమనును, పొగ వచ్చును, లోనికి దిగదు. కొత్తవారు అప్పుడు హ్యాండిలును ఇంకను గట్టిగా నొక్కుదురు. వాలు మితిమీరినచో అంచు పలుచనై విరుగును, ఇనుమును కరచుకొని ఆగును. సరిగా కుదిరినచో నడిమి ఉలి గీత అంచులకు ఏటవాలుగా, ఇంచుమించు 130 డిగ్రీలలో కనుపించును. దానిని చూచియే పెద్దలు వాలును చెప్పుదురు.

చేయు విధము నోటితో చెప్పినంత మాత్రమున రాదు. అయినను చెప్పెదము. ఎడమచేతి వ్రేళ్లను టూలు రెస్టుమీద ఆనించి, బిట్టును వానిమీద నుంచి, కోత అంచు నేలకు సమాంతరముగా పైకి వచ్చునట్లు పట్టవలెను. కాడ ఎడమప్రక్కకు జరిగి, చక్రపు ముఖముతో 59 డిగ్రీలు చేయవలెను. ముందు అంచును తాకించి, పిమ్మట కుడిచేతితో కాడను మెల్లగా క్రిందికి దించుచు మడమ వరకు రావలెను. ఎక్కువ మెలి త్రిప్పరాదు, త్రిప్పినచో రెండవ అంచు చక్రమునకు తగిలి పోవును. ఒక ప్రక్క రెండు తాకులు, బిట్టును సగము చుట్టు త్రిప్పి రెండవ ప్రక్క రెండు తాకులు. దేహము కదలరాదు, కాళ్లు కదలరాదు. చేయి ఒక్కటే అదే దారిని పోయి రావలెను. మా పెదనాన్నగారు దీనిని హారతి పట్టుటతో పోల్చెడివారు. మాకు అది ఇంకను అంత అందముగా రాలేదు.

కోణము చూచుటకు గేజి లేనివారు రెండు షట్కోణపు నట్లను ప్రక్కప్రక్కను, చదును చదునుకు ఆనించి పట్టుకొనుడు. నడుమ ఏర్పడిన సందు సరిగా 120 డిగ్రీలు. బిట్టు కొన అందులో వెలుతురు కనబడక కూర్చున్నచో చాలును. పొడవులకు స్కేలు పెట్టి కొలువవచ్చును. అన్నిటికంటె నిజమైన సాక్షి పని. మెత్తని ఇనుప ముక్కలో ఒక రంధ్రము వేయుడు. రెండు గాళ్ల నుండియు ఒకే తీరున రెండు తురుములు మెలికలు తిరుగుచు వచ్చినచో సాన కుదిరినది. ఒక గాడి నుండియే వచ్చినచో ఒక అంచే పనిచేయుచున్నది. పోత ఇనుములో ఈ పరీక్ష సాగదు, అందు వచ్చునది రజను.

సానపట్టునపుడు వేడెక్కిన హైస్పీడ్ బిట్టును చటుక్కున నీటిలో ముంచకుడు. కంటికి కనబడని బీటలు పడి, తరువాత యంత్రముమీద అంచు రాలును. మెల్లగా తాకించి, గాలికి చల్లారనిచ్చి, మరల తాకించుటయే మేలు. మూడు మిల్లీమీటర్లకు లోపలి సన్న బిట్లను చేతితో సానపట్టుటకు మేము ప్రయాసపడము. మంచివి కొని, మొండివైన తరువాత పారవేయుదుము. అరిగి పొట్టివైన పెద్ద బిట్లకు నడిమి వెన్ను మందమగును. అప్పుడు చక్రపు మూలతో ఉలి గీత ఇరువైపులా కొంచెము పలుచన చేయవలెను, లేనిచో నొక్కి నొక్కి చేతులు పడిపోవును.

వేగము సంగతి కొలదిగా చెప్పెదము. మంచి బిట్టును కూడ వేగముతో చంపవచ్చును. మెత్తని ఉక్కులో హైస్పీడ్ బిట్టు అంచు నిమిషమునకు సుమారు 25 మీటర్లు పోవచ్చును. దాని లెక్కన మూడు మిల్లీమీటర్ల బిట్టునకు 2,650 చుట్లు, పండ్రెండు మిల్లీమీటర్ల బిట్టునకు 660. పోత ఇనుమునకు ఇంకను తగ్గించి, మా 8.5 బిట్టును ఇప్పుడు 750 చుట్లలో, నూనె లేకయే నడుపుచున్నాము. ఆనాడు బెల్టు మార్చుటకు బద్ధకించి ఎంత వేగమున నడిపించితిమో తలచుకొనుటకు కూడ మనసొప్పదు. స్టెయిన్‌లెస్ ఉక్కులో నెమ్మదిగా త్రిప్పి గట్టిగా దింపవలెను. ఊరక రాచినచో అది గట్టిపడి తరువాత దేనికిని లొంగదు. ఇత్తడికి అంచు ముందువైపును కొంచెము చదును చేయనిచో బిట్టు తనంత తానే లోనికి లాగుకొని పోవును.

తల్లులకు ఒక మాట. ఇంట పటము తగిలించుటకు గోడకు రంధ్రము వేయునపుడు ఈ బిట్లను వాడనీయకుడు. గోడకు కొనలో కార్బైడు ముక్క అతికిన బిట్టు వేరుగా నుండును. ఇనుప బిట్టును ఇటుకలో పెట్టిన పిల్లవాడు మరునాడు మా కొట్టమునకు వచ్చి, "మామా, దీనికి సానపట్టి పెట్టుము" అనును.

సానచక్రము మాటలాడదు, కాని మన్నింపదు. కండ్లద్దములు లేక దాని యెదుట నిలువరాదు. చేతి తొడుగులు, వ్రేలాడు తుండుగుడ్డలు, వదులు చొక్కా చేతులు పనికిరావు. టూలు రెస్టునకు చక్రమునకు నడుమ మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండరాదు. క్రొత్త చక్రమును కఱ్ఱతో తట్టినపుడు కంచువలె మ్రోగవలెను. పగిలిన కుండ మ్రోత వచ్చినచో ఎక్కించరాదు. త్రిప్పిన మొదటి నిమిషము ప్రక్కకు తొలగి నిలువుడు.

కుర్రవాని మాట మరచితిమని తలపకుడు. పెదనాన్నగారు వచ్చిపోయిన నాలుగు దినములకు మేమిద్దరము వాని యింటికి పోయితిమి. ముందే పోకుండుటకు కారణము సిగ్గు. వాని తల్లి కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చెను. పట్టుకొన్న జీతమును బల్లమీద పెట్టి, తప్పు మాదని చెప్పితిమి. ఆమె "మీరు పెద్దవారు, ఒకమాట అంటిరి, పోనిండి" అని ఆ మాట తుడిచివేయ జూచెను. కుర్రవాడు డబ్బు వైపు చూడలేదు. "మామా, ఆ తెల్లని రవ్వలు నేనును చూచితిని. అది తేడా అని నాకెవరు చెప్పినారు?" అనెను.

మరల రమ్మంటిమి. "ఇప్పుడున్న చోట నేర్పుచున్నారు మామా" అని మర్యాదగానే చెప్పెను. మేము మజ్జిగ త్రాగి వచ్చితిమి.

ఆ నెలలోనే డ్రెస్సరునకు తుప్పు వదిలించితిమి. ఇప్పుడు మా కొట్టములో చేరిన ప్రతివాడును మొదటి వారము యంత్రము ముట్టడు. పాత మొండి బిట్లతో సాన నేర్చుకొనును, దీపమార్పి రవ్వలు చూచును. పోయిన ఉగాది తరువాత చేరిన ఇద్దరిలో ఒకడు తెలుగువాడు, ఒకడు ఒడిశా నుండి వచ్చినవాడు. రెండవవానికి మా మాట అర్థము కాకున్నను రెండు నట్ల సందు చక్కగా అర్థమైనది.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటల నుండి మేము కొట్టములోనే యుందుము. మీ యింటనో, మీ కార్ఖానాలోనో మొండివై పడియున్న బిట్లున్నచో తెండు. అనుమానముగా నున్న క్రొత్తవి కూడ తెండు, రవ్వ చూచెదము. నట్లును, చక్రమును మావి. కండ్లద్దములు మాత్రము ఎవరివి వారు తెచ్చుకొనవలెను, మా యొద్ద నాలుగు జతలే యున్నవి.